ఇంకా ఉంది: చందమామ ధారావాహికలతో మా శనివారాలు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా పాఠం రాసి ఇమ్మని కబురు వచ్చినప్పుడు, పోటీ పరీక్షల గురించో, సమయపాలన గురించో రాయమంటారని అనుకున్నాము. "మీకు ఇష్టమైనది రాయండక్కా" అన్నారు. ఇష్టమైనది అనగానే మాకు గుర్తొచ్చింది మన వసతిగృహంలో బియ్యం బస్తాల గది పక్కన ఉండే రేకు ట్రంకు పెట్టె. అందులోని పుస్తకాల గురించే ఈ పాఠం. పరీక్షకు పనికొచ్చే ముక్క కూడా మధ్యలో ఒకటుంది, దానికోసమైనా చదవండి.

మేము అంటే ఏడో తరగతి నుంచి పదో తరగతి వరకు, 2014 నుంచి 2018 దాకా, ఒకే గదిలో చాపలు పరుచుకున్న ఆరుగురం. రాసే చెయ్యి ఒకటే. ఆ చెయ్యి ఇప్పుడు తిరుపతిలో పి.జి. చేస్తోంది. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి కూడా అదే. కానీ ఆ పుస్తకాలు ఒక్కరం చదివినవి కావు కాబట్టి 'మేము' అనే రాస్తాము.

ఆ పెట్టెలో ఉన్నవి చందమామ సంచికలు కావు. చందమామలోంచి ధారావాహిక పేజీలు మాత్రమే జాగ్రత్తగా విప్పి, వరుసగా పెట్టి, అట్ట వేసి కుట్టించిన బైండు పుస్తకాలు. పూర్వం ఇళ్లలో ఇలా కుట్టించి దాచుకునేవారట. పదవీ విరమణ చేసిన ఒక తెలుగు మాస్టారు వాటిని వసతిగృహానికి ఇచ్చి వెళ్లారు. తోకచుక్క, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, శిథిలాలయం అని నాలుగున్నాయి. శిథిలాలయం చివరి భాగాలను చెదలు తిన్నాయి. ఈ చెదల సంగతి తర్వాత చెబుతాము.

ముందు కొంచెం చరిత్ర. చందమామను 1947 జులైలో బి.నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మద్రాసులో ప్రారంభించారు. నాగిరెడ్డి గారిది మన రాయలసీమే, కడప జిల్లా. వీరిద్దరే విజయా సంస్థ పేరుతో సినిమాలు కూడా తీశారు. 1951లో వచ్చిన పాతాళభైరవి వారిదే. తోటమాలి కొడుకు తోటరాముడు రాకుమారిని కోరుకోవడం, మాంత్రికుడి చేతికి చిక్కడం, వాడినే జయించడం ఆ కథ. కత్తి, కోట, మాంత్రికుడు, సాహసం అనే రుచి మన తెలుగువారికి అప్పటికే బాగా తెలుసు. అంతకుముందు మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలు పన్నెండు భాగాలుగా వచ్చి ఉన్నాయి. కాశీకి నడిచిపోతూ మజిలీకొక కథ చెప్పుకునే పుస్తకం అది.

ఆ రుచిని నెలనెలా చందమామలో వడ్డించినవారు దాసరి సుబ్రహ్మణ్యం గారు. ఆయన మొదటి ధారావాహిక తోకచుక్క 1954లో మొదలైంది. ఆయన పుట్టింది 1932లో. అంటే అప్పటికి సుమారు ఇరవై రెండేళ్లు, ఈ వ్యాసం రాస్తున్న మాకంటే ఒక ఏడాది చిన్న! ఆ తర్వాత మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూకమాంత్రికుడు. మొత్తం పన్నెండు. ఇంగ్లీషువారి టోల్కీన్ రాసిన ఉంగరాల ప్రభువు నవల మొదటి సంపుటం కూడా సరిగ్గా 1954లోనే వెలువడింది. పి.జి.లో ఆ సంగతి తెలిసినప్పుడు మాకు భలే సంతోషం వేసింది. ఇద్దరూ పాతకాలపు రాజ్యాలను, కొండలను, మాయలను కల్పించినవారే. ఒకరిని ప్రపంచమంతా పేరుతో ఎరుగును. రెండోవారి పేరు మాత్రం ఆయన కథల కింద చందమామలో వేసేవారు కాదు. యాభై ఏళ్లకు పైగా ఆ పత్రికలో పనిచేసిన మనిషి ఆయన. మేము నాలుగేళ్లు ఆ కథలు చదివి కూడా రాసిందెవరో తెలియకుండానే పదో తరగతి దాటాము. ఆయన 2010లో కన్నుమూశారు. చందమామ 2013 నాటికి ఆగిపోయింది. మేము ఆ పెట్టె తెరిచింది ఆ తర్వాతే.

ఇక చదివే పద్ధతి. ప్రతి భాగం ఏడెనిమిది పేజీలు ఉంటుంది. మొదట జరిగిన కథ క్లుప్తంగా, ఆపైన కథ, మధ్యలో చిత్ర గారి బొమ్మలు, చివర 'ఇంకా ఉంది'. మేము పెట్టుకున్న నియమం ఏమిటంటే శనివారం రాత్రి భోజనాలయ్యాక ఒక్క భాగమే చదవాలి. ఒకరు గట్టిగా చదవాలి, మిగిలినవారు వినాలి. 'ఇంకా ఉంది' రాగానే పుస్తకం మూసి పెట్టెలో పెట్టాలి. పుస్తకం మొత్తం చేతిలోనే ఉంది కదా, తర్వాతి పేజీ తిప్పితే ఏం పోయింది అని మీరు అడగవచ్చు. మాలో ఒకామె సరిగ్గా అలాగే అనుకుని అర్ధరాత్రి టార్చిలైటుతో మూడు భాగాలు చదివేసింది. మర్నాటి నుంచి ఆమె ముఖం చూస్తేనే తెలిసిపోయింది. శిక్షగా వారం రోజులు ఆరుగురి ప్లేట్లు ఆమె చేతే కడిగించాము. అంతకంటే పెద్ద శిక్ష ఆమెకు తర్వాతి శనివారాలు పడింది. మేమంతా ఉత్కంఠతో వింటుంటే ఆమెకు ఏమీ తోచలేదు, పాపం.

వారమంతా మా పని ఊహించడమే. తోకచుక్కలో కుండలినీ ద్వీపపు సేనాని సమరసేనుడు ఓడల మీద బయలుదేరి ఇద్దరు మాంత్రికుల పగ మధ్య చిక్కుకుంటాడు. ఒకడు ఏకాక్షి, ఒకడు చతుర్నేత్రుడు. ఎవరిని నమ్మాలి? పంపు దగ్గర బట్టలుతుకుతూ, ప్రార్థనకు వరుసలో నిలబడి ఇదే మాట. "ఏం మే, ఈసారి సమరసేనుడు చచ్చిపోతాడా?" "వాడు చచ్చిపోతే కథ యాడ ఉంటాది మే?" అని ఒకామె తర్కం. ఇది మామూలు మాటలా ఉంటుంది కానీ కథ గురించి మాకు తెలిసిన మొదటి విమర్శ ఇదే. నాయకుడు బతుకుతాడని తెలిసి కూడా ఎందుకు భయపడుతున్నాము? ఎలా బతుకుతాడో తెలియదు కాబట్టి అని తేల్చుకోవడానికి మాకు ఒక ఏడాది పట్టింది.

ఇప్పుడు పరీక్ష ముక్క. ఈ కథల్లోని పేర్లు వ్యాకరణ పాఠాలు. ఏక, అక్షి కలిస్తే ఏకాక్షి, సవర్ణదీర్ఘ సంధి. శిథిల, ఆలయం కలిస్తే శిథిలాలయం, అదే సంధి. నాలుగు నేత్రములు కలవాడు చతుర్నేత్రుడు, బహువ్రీహి సమాసం. పద్మముల వంటి పాదములు కలవాడు పద్మపాదుడు, ఇదీ బహువ్రీహే. కంచుతో కోట కంచుకోట, తృతీయా తత్పురుష. పాతాళమందు దుర్గం పాతాళదుర్గం, సప్తమీ తత్పురుష. రాయి అనే మాట విభక్తి ముందు రాతి అవుతుంది, దానికి సంస్కృతపు రథం తగిలిస్తే రాతిరథం. రాకాసి మన నోటికి వచ్చిన రాక్షసి. శిఖి అంటే నిప్పు, నెమలి కూడా. మరి శిఖిముఖి ముఖం దేనివంటిదో మీరే తేల్చుకోండి, మేము కొట్లాడుకుని వదిలేశాము. బహువ్రీహి అంటే ఏమిటో మాకు క్లాసులో మూడుసార్లు చెప్పినా ఎక్కలేదు. ఏకాక్షి బొమ్మ చూశాక మరిచిపోవాలన్నా మరుపు రాలేదు.

బురుజు, సేనాని, సామంతుడు, అగడ్త, సరంగు వంటి మాటలు కూడా అలాగే వచ్చాయి. ఎనిమిదో తరగతిలో చంద్రగిరి కోటకు విహారయాత్ర తీసుకెళ్లారు. తళ్లికోట యుద్ధం 1565లో జరిగింది. ఆ తర్వాత విజయనగరపు ఆఖరి వంశమైన అరవీటి రాజులకు పెనుకొండ, దాని తర్వాత చంద్రగిరి రాజధానులయ్యాయి. అక్కడి రాజమహల్ మూడంతస్తుల భవనం, కలప లేకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టినది. కోటగోడకు పేర్చిన బండరాళ్లు ఒక్కొక్కటి మాకంటే పెద్దవి. మేము నోరు తెరుచుకుని చూసి, 'కంచుకోటే' అనుకున్నాము. అంతలో మాలో ఒకామె, "ఇంత రాయి ఎవురు మోసినారో?" అంది. చందమామ కథల్లో ఆ సంగతి ఉండదు. రాజు కోట కట్టించాడు అనే ఒక్క మాటతో సరి. అప్పటినుంచి కథ చదివేటప్పుడు కూడా రాయి మోసినవారిని వెతకడం మాకు అలవాటైంది.

వెతికితే కొందరు దొరికారు. ముగ్గురు మాంత్రికులు చూడండి. అందులో పింగళుడు రాకుమారుడు కాదు. చెరువులో వల వేసి, పట్టిన చేపలు అమ్మి తల్లిని పోషించుకునే కుర్రవాడు. ఇద్దరన్నలు ఆస్తి తగలేసి ఈతని మీదే పడి తింటుంటారు. పద్మపాదుడనే మాంత్రికుడు వచ్చి సాయం అడిగేది ఇతన్ని. ఈ కథకు మూలం అరేబియా రాత్రుల కథల్లోని జూదర్ కథ. అందులో ఒక మాయసంచి ఉంటుంది. చెయ్యి పెట్టి కోరిన వంటకం తీసుకోవచ్చు. ఆ సంగతి తెలిసిన రోజు మేము ఆ సంచిలోంచి ఏమేమి తీస్తామో ఒక పేజీ నిండా రాసుకున్నాము. మొదట ఉన్నది చికెన్ బిరియాని. ఆరో స్థానంలో ఒకామె 'మా అమ్మ చేసిన రాగిసంగటి' అని రాసింది. ఆ తర్వాత ఎవరమూ కాసేపు మాట్లాడలేదు.

శిథిలాలయంలో శిఖిముఖి శబర యువకుడు. అడవి వాళ్లది, దారులు వాళ్లవి. మాలో ఒక స్నేహితురాలు యానాది కాలనీ నుంచి వచ్చింది. పేరు రాయము, ఆమెకు ఇష్టం ఉండదు. చదవడం నెమ్మది, కాబట్టి గట్టిగా చదివే వంతు వస్తే తప్పించుకునేది. కానీ శిఖిముఖి వచ్చాక వంతు లేకపోయినా పుస్తకం లాక్కునేది. తప్పులతోనే చదివేది. మేము దిద్దితే, "ఉండండి మే, వాడు మా వాడు" అనేది. అడవిలో అడుగుజాడలు, ఉచ్చులు, పక్షుల కూతలు అనే చోటల్లా ఆపి, నిజంగా ఎలా చేస్తారో వాళ్ల తాత చెప్పిన సంగతులు చెప్పేది. అలా శిథిలాలయం మాకు రెండింతలైంది. మన ఏర్పేడు మండలంలోనే గుడిమల్లం ఉంది. అక్కడి పరశురామేశ్వరుని లింగం మీద ఒక వేటగాడి రూపం చెక్కి ఉంటుంది. క్రీస్తుకు పూర్వం రెండు, ఒకటి శతాబ్దాల నాటిదని పలువురు పండితుల అభిప్రాయం. పక్కనే శ్రీకాళహస్తిలో కన్నప్ప అయిన తిన్నడు కూడా వేటగాడే. ఈ సంగతి మాస్టారు చెబితే ఆమె, "చూసినారా!" అని మా వైపు తిరిగింది.

అయితే అన్నిచోట్లా అలా లేదని చెప్పక తప్పదు. ఇదే రకం కథల్లో కొన్నిచోట్ల అడవి మనుషులు కేవలం భయపెట్టడానికే వస్తారు. పేర్లుండవు, అరుపులుంటాయి. అలాంటి భాగం వచ్చిన శనివారం ఆమె లేచి వెళ్లి పడుకుంది. మేము ఆ భాగం ఆపలేదు, పూర్తిగా చదివాము. అది తప్పని ఇప్పుడు అనిపిస్తుంది. ఆడవారి సంగతీ అంతే. రాకుమారి అయితే ఎవరో ఎత్తుకుపోవాలి, ఎవరో విడిపించాలి. నాటకం వేసుకున్నప్పుడు రాకుమారి వేషానికి మాలో ఒక్కరూ ముందుకు రాలేదు, ఆరుగురమూ సమరసేనులమే. చివరకు దిండుకు చున్నీ చుట్టి దాన్నే రాకుమారిని చేశాము. ఆ దిండు చాలా బాగా నటించింది.

ఒకసారి వసతిగృహం చూడటానికి వచ్చిన ఒక పెద్దమనిషి మా చేతిలో ఆ పుస్తకం చూసి, ఇవన్నీ మూఢనమ్మకాలు, మీలాంటివాళ్లు మార్కులకు పనికొచ్చేవి చదవాలి అని చెప్పి వెళ్లారు. 'మీలాంటివాళ్లు' అనే మాట మాకు చాలాకాలం గుచ్చుకుంది. మూఢనమ్మకం మాటకు మాత్రం జవాబు చెప్పగలము. ఈ కథలు వస్తున్న కాలంలో, 1952 నుంచి 1980 దాకా, చందమామను నడిపించిన కొడవటిగంటి కుటుంబరావు గారు పేరుపొందిన హేతువాది. ఈ కథల్లో మాంత్రికుడికి ఎవరూ మొక్కరు. వాడితో పోరాడతారు, లేదా వాడి బలహీనత కనిపెడతారు. తోకచుక్క చదివాకే కదా అసలు తోకచుక్క అంటే ఏమిటని సైన్సు మేడంను అడిగింది! అది మంచు, దుమ్ము కలిసిన ముద్ద అని, హేలీ తోకచుక్క 1986లో వచ్చిందని, మళ్లీ 2061లో వస్తుందని అలా తెలిసింది. 2020 జులైలో నియోవైజ్ తోకచుక్క కనిపిస్తుందంటే మాలో ఇద్దరు వాళ్ల వాళ్ల ఊళ్లలో మిద్దెలెక్కారు. ఇద్దరికీ మబ్బులే కనిపించాయి.

ఇక చెదల సంగతి. తొమ్మిదో తరగతి సంక్రాంతి సెలవులకు వెళ్లిన మా శిఖిముఖి స్నేహితురాలు తిరిగి రాలేదు. వాళ్ల అమ్మానాన్నలు ఇటుక బట్టీ పనికి పోతూ ఆమెనూ తీసుకుపోయారు. తమ్ముణ్ణి చూసుకోవడానికి ఒకరుండాలి కదా. ఆమె పెట్టె నెల రోజులు గదిలోనే ఉంది. శిథిలాలయం అప్పటికి సగంలో ఉంది. మిగిలిన ఐదుగురం చదువుతూ పోతే, చివరికి వచ్చేసరికి పేజీల స్థానంలో మట్టి రాలింది. ముగింపు లేదు.

అప్పుడు మేము రాశాము. రెండు వందల పేజీల రూళ్ల నోటుబుక్కులో, వారానికొకరం. మొదట్లో ఒక్కో భాగంలో ముగ్గురు రాక్షసులు, రెండు యుద్ధాలు, ఒక భూకంపం పెట్టేవాళ్లం. చదివితే నీరసంగా ఉండేది. ఎందుకో తెలియక అసలు పుస్తకం తీసి లెక్కపెట్టాము. దాసరి గారు ఒక భాగంలో సాధారణంగా ఒక్క చోటు మారుస్తారు, ఒక్క కొత్త జీవిని తెస్తారు, ఒక్క ఆపద మిగిల్చి ఆపుతారు. అంతే! మిగిలిన పేజీలన్నీ ఆకలి, దాహం, చీకటి, తోడున్నవాడి మాట. భయం రాక్షసుడిలో లేదు, వాడు రాకముందు విరిగిన కొమ్మలో ఉంది. ఇది కనిపెట్టాక మా భాగాలు కొంచెం నయమయ్యాయి. వంటమనిషి అక్కను ఒక భాగంలో మంత్రగత్తెగా పెట్టాము. ఆమెకు చదివి వినిపిస్తే ఆ పూట సాంబారులో ముక్కలు ఎక్కువ పడ్డాయి.

పి.జి.లో చేరాక ఇంటర్నెట్లో పాత చందమామల స్కాన్ ప్రతులు దొరికాయి. శిథిలాలయం చివరి భాగాలు దొరికిన రాత్రి మేము నిద్రపోలేదు. మా ముగింపుకూ ఆయన ముగింపుకూ పోలికే లేదు. మాది చాలా నాసిరకం, ఒక్క వంటమనిషి అక్క భాగం తప్ప. అసలు ముగింపు ఏమిటో ఇక్కడ చెప్పము, తిట్టుకున్నా సరే.

మా స్నేహితురాలి ఫోన్ నంబరు వాళ్ల కాలనీ నుంచి సంపాదించడానికి రెండు నెలలు పట్టింది. ఆమెకిప్పుడు నాలుగేళ్ల పాప. ఇప్పటికీ బట్టీ పనే, సీజనుకొక చోట. ఫోన్ ఎత్తగానే మంచిచెడ్డలు అడగలేదు. "శిఖిముఖి ఏమైనాడు మే?" అంది. ఏడేళ్లయింది, ఆమెకు ఆగిన చోటు కూడా గుర్తుంది. వాళ్ల పని అయ్యాక రాత్రి తొమ్మిదికి స్పీకరు పెట్టి చదవడం మొదలుపెట్టాము. అటువైపు ఇంకా కొందరు కూర్చున్నట్టు దగ్గులు, పిల్లల మాటలు వినిపించాయి. భాగం అయిపోయింది. అలవాటు కొద్దీ "ఇంకా ఉంది, మళ్లీ శనివారం" అన్నాము.

"శనివారం దాకా ఆగేది లేదు మే. ఆ పొద్దుకు యాడ ఉంటామో ఏమో. చదువు" అంది.

నియమం పక్కన పెట్టాము. నాలుగు రాత్రుల్లో పూర్తి చేశాము. చివరి రాత్రి అంతా విని, "మళ్లా మొదటి నుంచి చదువు, పాప వినలా" అంది. ఇప్పుడు అదే జరుగుతోంది, వీలైన రాత్రి ఒక భాగం, ఒక్కోసారి రెండు.

స్కాన్ పేజీలను ప్రింటు తీయించి, శిథిలాలయం బైండుకు వెనక కుట్టించి, మొన్న వచ్చినప్పుడు పెట్టెలో పెట్టాము. మా రూళ్ల నోటుబుక్కు కూడా అందులోనే ఉంది. వేపాకు వేసి ఉంచాము, నెలకోసారి మార్చండి. తాళం చెవి కామాటి అక్క దగ్గర ఉంటుంది. టార్చిలైటు తీసుకెళ్లేవారు ప్లేట్లు కడగడానికి సిద్ధపడి వెళ్లండి.